టాపు లేని కారు, మామ పనిముట్ల పెట్టె

నేను నా చేత్తో విప్పిన మొదటి నట్టు మా నట్టింట్లోనే విప్పాను. అప్పటికి ఎమ్మిగనూరులో హైస్కూలు సైన్సు మాస్టరుగా నాకు పదకొండేళ్ల సర్వీసు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ బొమ్మను ఏటా నల్లబల్ల మీద రంగు సుద్దలతో వేసేవాణ్ణి. పెట్రోలు ఆవిరికి నీలం, మంటకు ఎరుపు, పొగకు తెలుపు. నల్లబల్ల మీద నా ఇంజిన్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. అసలు ఇంజిన్ మొరాయిస్తే ఏం చేయాలో ఏ తరగతి పుస్తకంలోనూ లేదు, కాబట్టి నాకూ తెలియదు.

ఆ అసలు ఇంజిన్ మా ఇంటికి రావడానికి కారణం నా పెళ్లి. ఆదోనిలో ఒక నూనెమిల్లు వాళ్లకు ఇంగ్లీషు కారు ఒకటి ఉండేది. చిన్నది, రెండే తలుపులు, పైన గుడ్డ టాపు. టాపు వెనక్కి మడిచేస్తే కారు మొత్తం ఆకాశానికి తెరుచుకునేది. ఊళ్లో పెళ్లి మెరవణి అంటే ఆ కారే. పెళ్లికొడుకును వెనక సీటు పైఅంచున కూర్చోబెట్టి, ముందు బ్యాండు వాయించుకుంటూ వీధి వీధీ తిప్పేవాళ్లు. నన్నూ అలాగే తిప్పారు. ఆ అరగంటా నేను జమీందారును. పెళ్లయిన పదేళ్లకు, ఎనభైలు మొదలైన కొత్తలో, ఆ కారును వదిలించుకుంటున్నారని వినగానే ఆ అరగంట గుర్తుకొచ్చి, చవగ్గా వస్తోంది కదా అని కొనేశాను. టాపు గుడ్డ అప్పటికే చీకి, చట్రానికి పేలికలుగా వేలాడుతోంది. కారుకు టాపు లేదు, మాస్టరుకు టోపీ పడింది అని ఇంకొకరు అనకముందే నేనే అనుకుని నవ్వుకున్నాను.

ఆదోని నుంచి దాన్ని నడుపుకుంటూ వస్తుంటే సగం దారిలో బానెట్టు కింద ఎవరో సుత్తితో బాదినట్టు చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కింద ఆయిలు ధారగా కారుతోంది. కారుతుంది కాబట్టే కారు అన్నారేమోనని ఆలోచిస్తూ రోడ్డు పక్కన కూర్చున్నాను. ఆదోని మార్కెట్టులో వేరుశనగ మూటలు దించి ఖాళీ బండితో తిరిగిపోతున్న నందవరం రైతు ఒకాయన ఆగి, ఏమీ అడక్కుండానే మోకు తీసి కారును బండి వెనక కట్టాడు. హార్స్ పవరుకు నిర్వచనం నేను ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. ఎద్దు పవరు సంగతి ఆ రోజే తెలిసింది. స్టీరింగు పట్టుకుని, రెండు ఎడ్ల తోకలను చూస్తూ, మా చేనేత వీధిలోకి ప్రవేశించాను. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. మగ్గాలు అలా ఆగడం నేను చూడటం అదే మొదలు.

మా మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

ఆయన గురించి చెప్పాలి. నా భార్య తండ్రి. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు ఫిట్టరు. అందరూ మేస్త్రీ అనేవాళ్లు. పత్తి గింజలు వేరుచేసే జిన్నుల ముప్పై ఏళ్ల మోత ఆయన చెవులను కొద్దికొద్దిగా తినేసింది. ఒక రోజు మిల్లులో బెల్టు తెగి ఊగుతుంటే పక్కనున్న వాళ్లు అరిచారు, ఈయనకు వినబడలేదు. దెబ్బ ఎవరికీ తగల్లేదు. కానీ వినబడని ఫిట్టరు ప్రమాదమని చెప్పి, మెడలో దండ వేసి ఇంటికి పంపించారు. ఆయనకు భార్య లేదు, ఉన్నది ఒక్కతే కూతురు. బట్టల మూట ఒక చేత్తో, పనిముట్ల పెట్టె ఒక చేత్తో మా ఇంటికి వచ్చాడు. మూట విప్పాడు గానీ పెట్టె విప్పలేదు. నెల రోజులు అరుగు మీద నుంచి లేవలేదు. పాత ఇనుము కొనే ఆదోని భాయి ఒకడు ఆ దారిన వస్తే, వచ్చే శుక్రవారం వచ్చి పెట్టె తీసుకుపొమ్మని చెప్పాడట. నా భార్య వద్దని ఏడ్చింది. పని లేనోనికి పెట్టె ఏమిటికమ్మా అన్నాడట, అంతే.

ఎద్దులు మా వాకిట్లో ఆగగానే ఆయన లేచాడు. ఆ కారుకు బానెట్టు మొత్తం ముందుకు వాలుతుంది, ఎవరికో సాగిలపడి మొక్కినట్టు. దాన్ని వాల్చి, లోపల చెయ్యి పెట్టి, వేళ్లతో చాలాసేపు తడిమాడు. చెయ్యి బయటికి తీసి అరిచెయ్యి నాకు చూపించాడు. నల్లటి ఆయిల్లో ఇనుప రజను మెరుస్తోంది.

"సారూ, ఇది సచ్చింది. బ్లాకు పగిలింది. రిపేరీ మాట మర్సిపో. వేరే ఇంజిన్ ఏయాల."

నన్ను ఆయన ఎప్పుడూ అల్లుడా అనలేదు. చదువు చెప్పేవాడినని సారూ అనేవాడు. ఎక్కడికి పంపిద్దాం మామా అని గట్టిగా అరిచి అడిగాను.

"యాడికీ వద్దు. ఈడనే, ఈ బండల మీదనే ఏస్తా." నా భార్య వైపు తిరిగాడు. "ఇది తిరిగితే పెట్టె ఇంట్లో ఉంటాది. తిరగలేదనుకో, ఆ భాయి వచ్చినప్పుడు పెట్టె తోలేస్తా. మళ్లా నన్ను ఎవురూ అడగాకండి."

ఆమె సరే అంది. ఆ సరే అనడంలో ఆమెకు ఎంత భయం ఉందో ఆయనకు వినబడలేదు. నాకు వినబడింది.

వేరే ఇంజిన్ ఆ పాత ఇనుము భాయి దగ్గరే దొరికింది. అదే కంపెనీ కారు, ఇనుప టాపుది, ఆస్పరి రోడ్డు మీద తిరగబడితే దాని ఒళ్లు నుజ్జయింది గానీ ఇంజిన్‌కు గీత పడలేదు. బండి బోల్తా పడినా బోల్టులు గట్టిగానే ఉన్నాయన్నమాట. భాయి దాన్ని బండిమీద తెచ్చి దించి, పెట్టె సంగతి గుర్తుచేసి, ఒక వారం ఆగి పై శుక్రవారం వస్తానన్నాడు. మాకు తొమ్మిది రోజులున్నాయి. నాకు వేసవి సెలవులు. ఆ సెలవుల్లో ఎనిమిదో తరగతి సైన్సు గైడు ఒకటి రాద్దామనుకున్నాను. దేశం ఆ ప్రమాదం నుంచి తప్పించుకుంది.

పెట్టె తెరిచాడు మామ. మూత లోపల ఆయన ఒక తెల్ల గుడ్డ కుట్టించి పెట్టుకున్నాడు. పానాలన్నీ సైజు ప్రకారం దాని మడతల్లో నిలబడి ఉన్నాయి. పానా పట్టుకోవడం రాని ప్రాణం నాది. అందుకని నాకు మొదటి పనిగా పుస్తకమిచ్చారు. విప్పిన ప్రతిదీ ఎక్కడిదో రాయడం, మూసిన ప్రతి రంధ్రాన్నీ రాయడం. మూయడమంటే పత్తితో. మిల్లులో మిషను విప్పితే బయటపడిన ప్రతి రంధ్రంలో ముందు పత్తి కుక్కాలి, ఆ తర్వాతే మంచినీళ్లు కూడా తాగాలి. మా వాకిలి ఎండాకాలపు ఎర్ర దుమ్ముకు పెట్టింది పేరు, కాబట్టి ఆ నియమం ఇంకా గట్టిగా అమలైంది. దిండొకటి కోసి పత్తి తీశాం. కార్బురేటరును మాత్రం దుమ్ము పడకుండా ఇంట్లోకి తెచ్చి చాప మీద పెట్టారు. నట్టింట్లో నేను నట్టు విప్పింది అప్పుడే. అది కింద పడి దొర్లి బియ్యం డబ్బా కిందికి పోయింది. మళ్లీ నాకు నట్లు ఇవ్వలేదు.

రెండో మనిషి పని నా భార్య చేసింది. ఆయన చెయ్యి చాచేవాడు, అడిగేవాడు కాదు. ఆమె అర ఇంచి పానా పెట్టేది. మళ్లీ చాచేవాడు, ఇంకో సైజుది పెట్టేది. చిన్నప్పుడు రోజూ మధ్యాహ్నం మిల్లుకు సద్ది తీసుకుపోయేదట. ఆయన తినేంతసేపూ పెట్టె ముందు కూర్చుని పానాలు సర్దేదట. పదేళ్లు కాపురం చేశాను, ఈ సంగతి నాకు చెప్పలేదేమని అడిగాను. నువ్వు ఎప్పుడైనా పానా అడిగినావా అంది.

పాత ఇంజిన్ ఎత్తడానికి మార్కెట్టులో పత్తి బోరాలు తూచే ముక్కాలి దొరికింది. మూడు వాసాలు పైన కలిపి కట్టింది. తూకం కొక్కెం తీసేసి గొలుసు కప్పీ తగిలించారు. గొలుసు లాగే పని నాది. బలం చాలు, తెలివి అక్కర్లేదని మామ అన్నాడు, పొగడ్తగానే తీసుకున్నాను. ఇంజిన్ కారులోంచి లేచి గాల్లో నెమ్మదిగా తిరుగుతుంటే పక్కింటి నేత ఆయన మగ్గం దిగి వచ్చి, మాస్టరు ఇంట్లో ఇంజిన్‌కు ఉయ్యాల కట్టినారు, పేరేం పెడుతున్నారు అన్నాడు.

ఇంత చేసినా ఆ కొత్త ఇంజిన్ కారులో కూర్చోలేదు. అది ఒక సైజు పెద్దది. ఇంజిన్ ఆనే ఇనుప రేకుల్లో రంధ్రాలు బొటనవేలంత తేడా. మామ రెండు రోజులు ఆకురాయితో ఆ ఇనుప రేకులను అరగదీశాడు. అప్పుడు నేను ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాను. మిల్లు వాళ్లు చెవులు పోయాయన్నారు, సరే. ఆ చేతులు చూసి ఉంటే మాత్రం దండ వేసి ఉండేవాళ్లు కాదు. రాయి ఒక్క ఊపు కూడా వంకర పోలేదు.

తర్వాత క్లచ్చు. ఇంజిన్‌కూ గేరు బాక్సుకూ మధ్య ఉండే ఆ గుండ్రటి ప్లేటు సరిగ్గా నడిమధ్యన నిలబడాలి, అప్పుడే గేరు బాక్సు ఇరుసు అందులోంచి దూరుతుంది. మూడుసార్లు దించాం, మూడుసార్లూ ఇరుసు అడ్డం కొట్టింది. వర్క్‌షాపుల్లో దీనికి వేరే ముక్క ఒకటి ఉంటుంది. మా దగ్గర లేదు. మామ ముక్కాలి కింద కూర్చుని ఆలోచిస్తూ పక్కింటి మగ్గం వైపు చూశాడు. లేచి వెళ్లి ఒక పాత కండె తెచ్చాడు, నేతలో నూలు చుట్టే చెక్క కండె. దాని కొనకు గుడ్డ పట్టీ చుట్టి చుట్టి, లావు సరిచూసి, ప్లేటు మధ్యలో గుచ్చి, బోల్టులు బిగించి, కండె బయటికి లాగాడు. నాలుగోసారి ఇంజిన్ దించితే ఇరుసు లోపలికి మెత్తగా జారింది. నా కండె నాకిస్తారా, మీ కారు కడుపులోనే పెట్టుకుంటారా అని నేత ఆయన అడిగాడు. కండె ఇచ్చేశాం. ఆ నెల ఆయన నేసిన చీర ఎక్కడో ఎవరో కట్టుకునే ఉంటారు, అందులో ఒక పోగు మా కారు గ్రీజుది.

తొమ్మిదో రోజు శుక్రవారం. పొద్దున్నే అన్నీ బిగించారు. నేను పుస్తకం తెరిచి పత్తి ఉండలన్నీ సరిచూశాను. రాసినవి ఏడు, తీసినవి ఏడు. గర్వంగా టిక్కు పెట్టాను.

సీట్లో కూర్చుని తాళం తిప్పమన్నారు. తిప్పాను. ఇంజిన్ అందుకుంది, నాలుగు దగ్గులు దగ్గింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. మళ్లీ దగ్గు, మళ్లీ ఆగడం. ఆరుసార్లు, ఏడుసార్లు. మామ స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ మీద ఆనించి, చెక్క పిడిని పళ్లతో పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. చెవులకు రాని చప్పుడు పళ్లకు వస్తుందేమోనని. మంట అంటుకునే వేళను, అంటే టైమింగును, సరిచేసే డిస్ట్రిబ్యూటరును కొంచెం ఇటు తిప్పాడు, కొంచెం అటు తిప్పాడు. ఏమీ మారలేదు. వీధిలో వాళ్లు గోడ అవతల నుంచి చూస్తున్నారు. ఆయన మా ముఖాలు చూశాడు. ముఖాలను బట్టి ఆయనకు తెలిసిపోయింది.

పిడి పళ్ల మధ్య నుంచి తీసి, గుడ్డతో తుడిచి, స్క్రూడ్రైవరును పెట్టెలో దాని చోట పెట్టాడు. తర్వాత అర ఇంచి పానా తీసుకుని తుడిచాడు.

"ఇంజిన్‌ది తప్పు ల్యా. టైమింగు ఇనాల, నాకు ఇనపడల్యా. మిల్లోళ్లు సెప్పింది నిజమే."

ఒక్కో పానాను తుడిచి దాని మడతలో నిలబెడుతుంటే నేను లెక్కపెడుతున్నాను. పన్నెండు పానాలు. ఆరు లోపలికి పోయాయి. నా భార్య ఆయన దగ్గరికి వెళ్లబోయి, కారు పక్కన టక్కున ఆగింది. వంగింది. ముక్కు ఎగబీల్చింది. మిల్లు లైన్ల ఇళ్లలో పెరిగిన పిల్ల ఆమె. గోడౌనులో పత్తి అంటుకుంటే పొగ కనిపించకముందే వాసనతో లేచి పరిగెత్తడం అక్కడి పిల్లలందరికీ నేర్పేవారట. ఆమె గబగబా వచ్చి ఆయన చేతిలోని ఏడో పానా లాక్కుని, ఆయనకు అర్థమయ్యేలా పెదాలు కదిపింది.

"నాయనా, పానాలు పెట్టాకు. పత్తి కాల్తాంది."

ఆయనను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఇంజిన్ పక్కన వంచింది. సైలెన్సరు గొట్టం అతుకు దగ్గర ఆయన కూడా ముక్కు పెట్టాడు. ముప్పై ఏళ్లు చెవులు తినేసిన మిల్లు ముక్కును మాత్రం వదిలేసింది.

"పత్తే," అన్నాడు.

ఇద్దరూ తలెత్తి నా వైపు చూశారు.

అప్పుడు గుర్తొచ్చింది. పాత ఇంజిన్ ఎత్తిన రోజు మధ్యాహ్నం, వాళ్లిద్దరూ భోజనానికి లోపలికి పోయినప్పుడు, కారులోనే మిగిలిన సైలెన్సరు గొట్టం నోరు తెరుచుకుని కనిపించింది. ఎవరూ చెప్పకుండానే, నా సొంత తెలివితో, దాన్ని పత్తితో మూశాను. మూయడమంటే మామూలుగా కాదు. పత్తి ఊరి ఆడబిడ్డకు పతినైనందుకు ఆ మాత్రం చేతకాదా అని, కట్టెపుల్లతో కూరి కూరి, మూర లోతుకు దించాను. ఎవరూ చెప్పని పని కాబట్టి పుస్తకంలో రాయలేదు. ఇంజిన్ వదిలిన పొగకు బయటికి దారి లేదు. గొంతు నొక్కితే ఏ ప్రాణి అయినా నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది.

తప్పు ఒప్పుకోవడానికి నేను సిద్ధమే. తప్పును మెల్లగా ఒప్పుకునే సౌకర్యమే లేకపోయింది. నేనే పెట్టినాను మామా అన్నాను. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. ఆయన కూతురి వైపు చూశాడు. ఆ గొట్టంలో పత్తి కుక్కింది నేనే అని మూడోసారి గొంతు చించుకుని అరిచాను. చేనేత వీధి మొత్తానికీ స్పష్టంగా వినబడింది. మరుసటి వారం బడి తెరిచినప్పుడు హెడ్మాస్టరు కూడా అడిగాడు.

మామ అతుకు విప్పి, వంకీ తిప్పిన తీగతో కాలిన ఉండను బయటికి లాగాడు. అది నల్లటి తోకతో ఎంతకీ అయిపోకుండా వస్తూనే ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. నెల రోజుల్లో మొదటిసారి ఆయన నవ్వడం చూశాను. భుజాలు ఊగిపోయాయి.

"సారూ, నువ్వు పత్తి బేలు బాగా కడతావు. మిల్లులో పని సెప్పిస్తా." నవ్వు ఆపుకుని, ఆ ఉండనే చూస్తూ మెల్లగా అన్నాడు, "అయితే తప్పు నా చేతిది కాదు."

కాదు నాయనా అంది ఆమె. ఆ మాట ఆయనకు వినబడకపోయినా అర్థమైంది.

ఈసారి తాళం తిప్పగానే అందుకుంది. దగ్గలేదు. కానీ పరుగు కుంటుతోంది. ఇందాక తిప్పిన తిప్పుళ్లకు టైమింగు తప్పింది. ఆయన డిస్ట్రిబ్యూటరు మీద చెయ్యి వేసి, ఇంజిన్ వైపు కాకుండా కూతురి ముఖం వైపు చూశాడు. ఆమె తల వంచి వింటోంది. ఆయన వెంట్రుకవాసి తిప్పాడు. ఆమె చూపుడువేలు ఎడమకు కదిలింది. ఇంకో వెంట్రుక. వేలు ఇంకా కదులుతోంది. ఇంకొంచెం. వేలు ఆగింది. ఆ క్షణాన ఇంజిన్ కుంటడం మాని, మగ్గం ఆడినట్టు ఒకే తీరుగా ఆడింది. ఆయన చెయ్యి అలాగే ఉంచి, ఇంకో చేత్తో బోల్టు బిగించాడు. పదకొండేళ్లు నల్లబల్ల మీద నేను వేసిన బొమ్మలో లేనిది అదే. ఆ ఇంజిన్‌కు ఒక మనిషి చేతులు, ఇంకో మనిషి చెవులు కావాలి. ఆ ఇద్దరూ నావాళ్లని తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది.

మధ్యాహ్నానికి పాత ఇనుము భాయి బండి తోలుకుని వచ్చాడు. వాకిట్లో పెట్టె మూసి ఉంది. మేస్త్రీ, ఎత్తుదునా అంటూ దాని పిడి మీద చెయ్యి వేశాడు. మామ వచ్చి మూత మీద చెయ్యి పెట్టాడు.

"పెట్టె కాదు భాయ్. అదిగో, మూలకుండేది. దాన్ని ఎత్తుకోని పో."

మూలన బ్లాకు పగిలిన పాత ఇంజిన్ ఉంది. భాయి ఒకసారి దాన్ని చూశాడు, ఒకసారి కారును చూశాడు, బండిని మూల దగ్గరికి తిప్పాడు. ముక్కాలి ఇంకా అక్కడే ఉంది కాబట్టి గొలుసు లాగే పని మళ్లీ నాదే అయింది.

సాయంత్రం ఎండ తగ్గాక కారు బయటికి తీశాం. నేను స్టీరింగు వైపు నడిచాను. మామ అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. పక్క సీట్లో నా భార్య, ఆయన చెవులుగా. వెనక హారను మోగితే ఆయన మోకాలి మీద తట్టడానికి. నాకు వెనక సీటు మిగిలింది. దారిలో ఏదైనా అవసరం పడొచ్చని పనిముట్ల పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టారు. అది ఎంత బరువో నాకు అప్పటిదాకా తెలియదు. దించమని మాత్రం అడగలేదు.

వీధిలో మగ్గాలు రెండోసారి ఆగాయి. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. పక్కింటి నేత ఆయన, ఎవరి మెరవణి మాస్టరూ అని అడిగాడు. పదేళ్ల కింద ఇదే సీటు మీద దండ వేసుకుని కూర్చుని, ఈ లోకమంతా నాకోసమే ఆగిందనుకున్నాను. ఈసారి పెట్టె మీది నుంచి చెయ్యి తీయడానికి వీలుకాక, గడ్డంతో ముందు సీటు వైపు చూపించాను. మామకు ఆ ప్రశ్న వినబడలేదు. నా భార్యకు వినబడింది. ఆమె వెనక్కి తిరగలేదు గానీ, ఆమె చూపుడువేలు కొంచెం పైకి లేచింది. ఆయన కారును ఇంకొంచెం జోరుగా ఆదోని రోడ్డు వైపు తిప్పాడు.